మార్చి కినబాలు బ్యాచ్: రేటు ఎందుకు పెరిగింది, సెట్లు అద్దెకివ్వడం ఎందుకు మానేశాం

అందరికీ నమస్కారం. మార్చి బ్యాచ్‌కి పేర్లిచ్చినవాళ్ళూ, ఇద్దామా వద్దా అని చూస్తున్నవాళ్ళూ వారం రోజులుగా ఇదే అడుగుతున్నారు. పోయినసారి కంటే మనిషికి 14,000 రూపాయలు ఎక్కువేంటి, పైగా లాన్యార్డ్ సెట్ (కొండ మీద కేబుల్‌కి తగిలించుకునే పట్టీలు) సొంతంగా కొనుక్కోమంటున్నారేంటి అని. ఫోన్లో ఒక్కొక్కరికీ ముక్కలుగా చెప్పేకన్నా, ఉన్నదున్నట్టు ఒకచోట రాస్తే మేలనిపించింది.

మనం వెళ్ళేది మలేషియాలో, బోర్నియో ద్వీపం మీదున్న కినబాలు పర్వతానికి. శిఖరం ఎత్తు 4,095 మీటర్లు. ఆ రాతి గోడల మీద వయా ఫెర్రాటా, అంటే ఉక్కు కేబుల్‌కి తగిలించుకుని ఎక్కే దారి, 2007లో మొదలైంది, ఆసియాలో అదే మొదటిది. రెండు రూట్లలో పెద్దది 3,776 మీటర్ల దగ్గరుంది. ప్రపంచంలోకెల్లా ఎత్తైన వయా ఫెర్రాటాగా గిన్నిస్ వాళ్ళు గుర్తించింది దాన్నే. 2015 జూన్ 5న వచ్చిన భూకంపంలో ఆ కొండ మీద 18 మంది చనిపోయారు. ఇప్పుడున్న రూట్లు ఆ తర్వాత మళ్ళీ వేసినవి.

కొత్తవాళ్ళ కోసం రెండు మాటలు. గోడ పొడవునా ఉక్కు కేబుల్ ఉంటుంది, కొన్ని మీటర్లకొకచోట దాన్ని రాతిలోకి దించిన యాంకర్‌కి బిగించి ఉంటారు. కాలు పెట్టడానికి ఇనప మెట్లుంటాయి. నడుముకీ తొడలకీ కట్టుకునే మన హార్నెస్ నుంచి రెండు పట్టీలు, వాటి చివర రెండు కారబైనర్లు, అంటే తెరిచి మూసే కొక్కేలు. యాంకర్ రాగానే ఒకటి తీసి అవతల తగిలించాలి, అది పడ్డాకే రెండోది తీయాలి. రెండూ ఒకేసారి తీస్తే ఆ క్షణంలో మిమ్మల్ని పట్టుకునేది ఏదీ లేదు.

"కేబుల్‌కి కట్టుకునే ఉంటాం కదండీ, పడితే మాత్రం ఏమవుతుంది?" షాపులో నేను ఎక్కువగా వినే ప్రశ్న ఇదే, నాకు ఎక్కువ భయం వేసేదీ ఇదే. నిలువు గోడ మీద కాలు జారితే కారబైనర్లు అక్కడే ఆగవు, కేబుల్ వెంట జారుకుంటూ కింది యాంకర్ దాకా వస్తాయి. అంటే మీ కింద యాంకర్ మూడు మీటర్ల దూరంలో ఉంటే మీరు ఆ మూడు మీటర్లూ పడి, పట్టీ పొడవు కూడా పడి, అప్పుడు ఆగుతారు. మామూలు తాడు క్లైంబింగ్‌లో ఎంత దూరం పడినా, ఆ దెబ్బని పంచుకోవడానికి దానికి తగ్గ పొడవు తాడు ఉంటుంది. ఇక్కడ ఉన్నది మీటరు పట్టీ. సాగని మామూలు పట్టీ (స్లింగ్) అయితే అది తెగనన్నా తెగుతుంది, లేదా ఆ దెబ్బంతా నడుము మీద పడుతుంది.

అందుకే సెట్‌లో చిన్న సంచిలాంటిది ఒకటుంటుంది, దాన్ని ఎనర్జీ అబ్జార్బర్ అంటారు. లోపల మడతలు పెట్టి కుట్టిన పట్టీ ఉంటుంది. పడ్డప్పుడు ఆ కుట్లు వరసగా చిట్లుతూ వేగాన్ని తగ్గిస్తాయి. ఒక్కసారి చిట్లిందా, ఆ సెట్ పని అయిపోయినట్టే, పారేయాల్సిందే. ఇప్పటి యూరోపియన్ ప్రమాణం ఈఎన్ 958లో పరీక్షలు 40 కిలోల బరువుతోనూ 120 కిలోల బరువుతోనూ చేస్తారు. నలభైకి తక్కువైతే కుట్లు సరిగా విడవక దెబ్బ గట్టిగా తగులుతుంది. నూట ఇరవై దాటితే పట్టీ మొత్తం విడిపోయినా మనిషి ఆగడు. బ్యాగు లేకుండా నలభై కిలోలు లేనివాళ్ళనీ, బ్యాగుతో కలిపి నూట ఇరవై దాటేవాళ్ళనీ తీసుకెళ్ళలేం. ఈ కారణంతోనే ఒక ఇంటి పిల్లాడికీ ఒక పెద్దాయనకీ కాదని చెప్పాల్సి వచ్చింది, ఇద్దరూ మనకి బాగా కావలసినవాళ్ళే.

ఇక అద్దె సంగతి. హెల్మెట్, హార్నెస్ కంటితో చూసి చాలావరకు నిర్ణయించొచ్చు. సాగే పట్టీలున్న లాన్యార్డ్ సంగతి అలా కాదు. వందలసార్లు సాగి ముడుచుకున్నాక లోపలి పోగులు అరిగినా పైకి నున్నగానే కనిపిస్తుంది. 2012లో ఆస్ట్రియాలో ఒక మనిషి పడిపోయినప్పుడు రెండు పట్టీలూ తెగిపోయాయి. ఆ తర్వాత చాలా మోడళ్ళు మార్కెట్ నుంచి వెనక్కి పిలిపించారు. పదిమంది చేతులు మారిన పట్టీకి నేను హామీ ఇవ్వలేను. మన పాత సెట్లన్నీ కోసి పక్కన పడేశాను. కొత్తవి కొన్న ధరకే మీకిస్తున్నాను, మా లాభం ఏమీ కలపలేదు. తయారీ తేదీ పట్టీ మీదే ఉంటుంది, మీరే చూసుకుని తీసుకోండి.

పెరిగిన 14,000లో ఎక్కువ భాగం కొండ మీద అదనపు రాత్రికే. ఎక్కడం మొదలుపెట్టే టింపోహోన్ గేటు 1,866 మీటర్లు, పడుకునే చోటు పనలబాన్ సుమారు 3,270 మీటర్లు. మామూలు రెండు రోజుల ప్లాన్‌లో ఒక్క పగట్లో అంత ఎక్కించి, అర్ధరాత్రి దాటాక రెండింటికి లేపి శిఖరానికి, అక్కణ్ణుంచి నేరుగా కేబుల్ మీదకి తీసుకెళ్తారు. మనది కృష్ణ ఒడ్డు ఊరు. 3,776 దగ్గర గాలి ఒత్తిడి ఇక్కడున్నదాంట్లో మూడింట రెండొంతులు కూడా ఉండదు. తల దిమ్మెక్కినవాడికి ఏ కారబైనర్ తీశాడో గుర్తుండదు, నాకున్న బెంగంతా అదే. రెండు రాత్రులుంటే మొదటి రోజు ఎవరికి ఎలా ఉందో తెలుస్తుంది, బాగాలేనివాళ్ళని దింపడానికీ వీలుంటుంది. ఎత్తు పడకపోవడానికి వాడే డయామాక్స్ మాత్రల విషయం మీ డాక్టర్‌తోనే మాట్లాడండి, ముఖ్యంగా సల్ఫా మందులు పడనివాళ్ళు.

ప్రాక్టీసుకి ఆదివారాలు తెల్లారుజామున ఐదింటికి గుణదల కొండ మెట్ల దగ్గర కలుద్దాం, నెలకోసారి కొండవీడు. కానీ మెట్లెక్కితే ఊపిరే వస్తుంది, చేతికి అలవాటు రాదు. అందుకని షాపు వెనక గోడకి నాలుగు యాంకర్లతో కేబుల్ బిగించాను. గ్లవ్స్ వేసుకుని, కళ్ళు మూసుకుని, ఒకటి తీసి ఒకటి తగిలించడం తడబడకుండా వచ్చేదాకా చేయించిగానీ ఎవరినీ పంపను. షాపు తెరిచున్నంతసేపూ రావచ్చు, డబ్బులేం అక్కర్లేదు.

రేటు చూసి మానుకుంటామనేవాళ్ళు జనవరి 10 లోపు చెప్పండి, అడ్వాన్స్ మొత్తం వెనక్కిస్తాను. ఆ తర్వాత పర్మిట్ డబ్బులు అటు కట్టేస్తాం, అవి తిరిగి రావు. ఫిటింగ్‌కి వచ్చేటప్పుడు కొండ మీద వేసుకునే బట్టలూ బూట్లతోనే రండి, హార్నెస్ సైజు వాటి మీదే చూడాలి.