గింజల గుట్టలు వద్దు, మూకుడు నీళ్లు పెట్టనివ్వండి

సంపాదకులకు నమస్కారం.

ఏటా మార్చి 20న పిచ్చుకల దినోత్సవం వస్తుంది. డాబా మీద గింజలు చల్లండి అన్న సలహా అప్పుడు ప్రతిచోటా వినిపిస్తుంది. ఆ సలహా విన్నందుకు మా అపార్ట్‌మెంట్‌లో ఏమైందో, ఫిబ్రవరిలో కర్ణాటక అడవుల్లో గణేశగుడి అనే ఊళ్లో నేనేం చూశానో చెప్పాలని ఈ ఉత్తరం.

మాది తెనాలి దగ్గర పల్లెటూరు. లెక్కల టీచరుగా రిటైరయ్యాక తొమ్మిదేళ్లుగా బెంగళూరు మారతహళ్లిలో మా అమ్మాయి దగ్గర ఉంటున్నాను. తనూ మనవరాలూ నన్ను వెంటబెట్టుకుని రాత్రి బస్సులో దాండేలికి, అక్కడి నుంచి జీపులో గణేశగుడికి తీసుకెళ్లారు. కాళీ నది మీద సూపా డ్యాం కట్టేటప్పుడు మందుగుండు దాచిన గోదాము అక్కడ ఉంది. ఇప్పుడది కర్ణాటక ప్రభుత్వ సంస్థ జంగిల్ లాడ్జెస్ వారి బస. పేరు మాత్రం ఇంకా ఓల్డ్ మ్యాగజైన్ హౌసే, మ్యాగజైన్ అంటే ఇక్కడ మందుగుండు కొట్టు.

పక్షులను రప్పించడానికి గింజలు పోస్తారనుకున్నాను. మేం కూర్చున్న చోట పెట్టింది నీళ్లు. చెట్ల నీడన, పొదల పక్కన, రెండంగుళాల లోతు కూడా లేని తొట్లు. అడుగున గులకరాళ్లు. ఒకదాని మీద చిల్లు కుండ వేలాడుతూ చుక్క చుక్కగా కారుతోంది. ఆ చప్పుడుకే వస్తాయని అక్కడి కుర్రాడు చెప్పాడు. పచ్చ గుడ్డ తెర వెనక కూర్చున్నాం. ఇంట్లో క్షణం కుదురుగా ఉండని ఎనిమిదేళ్ల పిల్ల రెండు గంటలు నోరు మెదపలేదు.

నాలుగు దాటాక మొదలైంది. ముందు ఒక పసుపు పిట్ట: నల్లటి తల, గొంతు దగ్గర నిప్పుకణిక. గోవా రాష్ట్ర పక్షి అదేనట. మన పిగిలిపిట్టకు చుట్టమే. తర్వాత పిడికెడంత లేని నీలిపిట్ట కొమ్మ మీంచి దూకి ఒక్క మునక వేసి మళ్లీ కొమ్మెక్కింది. ఏడు మునకలు లెక్కపెట్టాను. పచ్చ రెక్కల అడవి గువ్వ ఒకటి అంచున నిలబడి, కోడి ఎత్తినట్టు తల పైకెత్తకుండా, ముక్కు ముంచి గటగటా తాగింది. వెలుతురు తగ్గుతుండగా తోక పిగిలిపిట్ట వచ్చింది, తెల్లటి మగది. జానెడుకు మించిన తోకను నీళ్ల మీదుగా అలా ఈడ్చుకుపోతే మా మనవరాలు నా చెయ్యి గట్టిగా పట్టేసుకుంది.

ఆ సాయంత్రం పద్నాలుగు రకాలు రాసుకున్నాను. గింజలు ఏరుకు తినేది వాటిలో ఆ గువ్వ ఒక్కటే. మిగతావన్నీ పురుగులూ పళ్లూ తినేవి, గింజలు పోసి ఉంటే వాటి వైపు చూసేవి కావు. నీళ్లు మాత్రం అన్నిటికీ కావాలి. దుమ్ము వదిలేలా మునిగి, తోక మొదట్లో ఊరే నూనెను ముక్కుతో ఈకలకు పట్టించుకుంటాయి. ఎగరాలంటే ఈకలు బాగుండాలి కదా.

ఇక మా డాబా సంగతి. పుణ్యమని కొందరు రోజూ కిలోల లెక్కన జొన్నలు గుమ్మరించారు. పిచ్చుక ఒక్కటి రాలేదు, పావురాలు నూరు దాటాయి. ఎండిన రెట్ట పొడై గాలిలో కలిస్తే కొందరికి ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. మా పై అంతస్తులో ఉండే ఆవిడకు అదే జరిగింది, ఇప్పుడు నాలుగు మెట్లెక్కితే ఆయాసం. దాంతో సంఘం వారు గింజలు ఆపించారు. చాలా మంచి పని. కానీ అదే నోటీసులో నీళ్లు పెట్టడం కూడా ఆపించి, నా మట్టి మూకుడు తీయించారు. డెంగీ దోమలట.

డెంగీ భయం నిజమే, కాదనను. కానీ గుడ్డు దోమ కావడానికి దాదాపు వారం పడుతుంది. రోజూ పొద్దున్నే నీళ్లు పారబోసి, కొబ్బరి పీచుతో మూకుడు లోపలి అంచులు తోమితే దోమ పుట్టదు. గుడ్లు అంటుకునేది ఆ అంచులకే, ఊరికే ఒంపేస్తే పోవు. మూడేళ్లు నేను అలాగే తోమాను. గోరింకలు, తేనెపిట్టలు, పదకొండు గంటల వేళ పెద్ద నలంచి అనే నలుపు తెలుపు పిట్టల జంట ఒకటి వచ్చేవి. పావురాలూ వచ్చేవి, తాగి పోయేవి. అవి గుంపు కట్టి తిష్ఠ వేసేది తిండి దగ్గరే.

పిచ్చుకకు గింజ పెట్టాలనుకునేవారికి మా తాతయ్య పద్ధతి చెబుతాను. కోతలయ్యాక వరి కంకులతో కుచ్చు అల్లి వసారా చూరుకు కట్టేవారు. పిచ్చుకలు దానికి తలకిందులుగా వేలాడుతూ ఒక్కో గింజా ఒలుచుకునేవి. ఆ కంకులకు పావురం వేలాడలేదు. చుట్టూ పాదులుండేవి, పాదుల్లో పురుగులుండేవి. పెద్ద పిచ్చుక గింజ తిన్నా గూట్లో పిల్లకు పెట్టేది పురుగునే. అందుకే మా బాల్కనీలో రెండు కుండీల చిక్కుడుకు మందు కొట్టనివ్వను.

వచ్చే ఏడు మార్చి 20కి మీరు రాసేదాంట్లో మూకుడు, పీచు, కుచ్చు సంగతి కూడా రాయమని మనవి. మా అపార్ట్‌మెంట్‌లో సగం మంది మనవాళ్లే, మీ పత్రికే చదువుతారు. వచ్చే నెల మొదటి ఆదివారం సంఘం సమావేశం ఉంది. ఈలోగా ఈ ఉత్తరం అచ్చయితే కత్తిరించి పట్టుకెళ్తాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు, మారతహళ్లి, బెంగళూరు