టీకా కార్డులో ఒక్క గడి చేర్చండి

గౌరవనీయులైన ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

అయ్యా, ఇది మీకు నా నాలుగో ఉత్తరం. మొదటి మూడింటికీ జవాబు రాలేదు. అందుకే ఇది అందరికీ కనిపించేలా రాస్తున్నాను.

మా పాప పుట్టిన మూడో రోజే ఇన్ఫెక్షన్ ఉందేమోనన్న అనుమానంతో యాంటీబయాటిక్ ఎక్కించారు. దానికి ఎవరినీ తప్పుపట్టను, పసికందు విషయంలో ఆగి చూసే వీలుండదు. కానీ ఆ తర్వాత? ముక్కు కారితే ఒక యాంటీబయాటిక్ సిరప్, విరేచనాలైతే ఇంకొకటి, దగ్గుకి మరొకటి. ఏడాది నిండేలోపు ఐదు కోర్సులు! జలుబు వైరస్‌తో వస్తుందని, దాని మీద ఈ మందు పనిచేయదని మాకు చెప్పినవాళ్లే లేరు. ఒక్క టీకా కూడా తప్పకుండా వేయించాం. వెళ్లినప్పుడల్లా బరువు చూశారు, జ్వరం ఉందా అని అడిగారు. ఈమధ్య ఏ మందులు వాడారని మాత్రం ఒక్కసారీ అడగలేదు.

యాంటీబయాటిక్స్ దెబ్బతీసే పేగుల్లోని బ్యాక్టీరియాకీ టీకాకీ సంబంధం ఉందని మీ శాఖ నిపుణులకు తెలియంది కాదు. కొన్ని బ్యాక్టీరియాల తోకల్లో ఉండే ఫ్లాజెల్లిన్ అనే ప్రొటీన్‌ని రోగనిరోధక వ్యవస్థ పసిగట్టినప్పుడే ఫ్లూ టీకాకు యాంటీబాడీలు బాగా వచ్చాయని 2014లో ఎలుకల్లో తేలింది. 2019లో ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకు యాంటీబయాటిక్స్ ఇచ్చి ఫ్లూ టీకా వేశారు. ముందునుంచీ ఫ్లూ యాంటీబాడీలు తక్కువగా ఉన్నవాళ్లలో టీకా అంతగా పట్టలేదు. మరి అప్పుడే పుట్టిన బిడ్డ మాటేమిటి? 2025లో ఆస్ట్రేలియా పరిశోధన దానికీ జవాబిచ్చింది. పుట్టిన తొలిరోజుల్లో నేరుగా యాంటీబయాటిక్స్ పడ్డ పిల్లల్లో న్యుమోకోకల్ టీకా (న్యుమోనియా లాంటి జబ్బుల నుంచి కాపాడేది) యాంటీబాడీలు ఏడో నెలలో తక్కువగా ఉన్నాయి. వాళ్ల పేగుల్లో బిఫిడోబ్యాక్టీరియా అనే మేలు చేసే బ్యాక్టీరియా తగ్గడమే అందుకు కారణంగా కనిపించింది. ఆ బ్యాక్టీరియాను తిరిగి అందిస్తే ఎలుకల్లో స్పందన మళ్లీ మెరుగుపడింది. పిల్లలకూ అలాగే పనిచేస్తుందో లేదో తేల్చే పరీక్షలకు డబ్బు కేటాయించండి అని రెండో ఉత్తరంలోనే అడిగాను.

ఇది చదివి ఎవరూ టీకాలు మానకూడదు. పాపకి మిగిలినవీ వేయిస్తాం. అవసరమైన యాంటీబయాటిక్‌ని ఆపమనీ అనడం లేదు. అక్కర్లేని సిరప్‌లు ఆపించండి. టీకా కార్డులో "వాడిన యాంటీబయాటిక్స్" అని ఒక్క గడి పెట్టించండి. అది ఉంటే రాసే డాక్టరు ఒక్క క్షణమైనా ఆలోచిస్తారు, మాలాంటివాళ్లు అడుగుతారు. పాపకి టీకాలు సరిగ్గా పట్టాయో లేదో అన్న టెన్షన్‌తో ఎన్నో రాత్రులు నిద్రపోలేదు. ఒక్క గడే కదండీ, దయచేసి పెట్టించండి.

ఈ ఉత్తరం అందిందని ఒక్క ముక్కైనా రాయించండి.

ఇట్లు,
ఒక తల్లి