కాన్ఫిగ్ మార్చేవాళ్ళు మా కామెంట్లు కూడా చూడాలి

ఎడిటర్ గారికి నమస్తే,

సర్వర్లు ఎప్పటికప్పుడు అప్‌డేట్ చెయ్యకపోతే హ్యాక్ అయిపోతాయి, అడ్మిన్లు బద్ధకిస్తున్నారు అని టెక్ పేజీల్లో తరచూ రాస్తుంటారు. అందులో అబద్ధం లేదు. కానీ ఆ పని చేసేవాడిగా ఒక మాట చెప్పాలి, మేం భయపడేది అప్‌డేట్‌కి కాదండీ, దాంతో పాటు వచ్చిపడే కొత్త కాన్ఫిగ్‌కి.

తెలియనివాళ్ళ కోసం చెప్తా. సర్వర్ సాఫ్ట్‌వేర్ ఎవర్ని లోపలికి రానివ్వాలి, ఏ పోర్ట్ వాడాలి, లాగ్ ఎక్కడ రాయాలి, ఇవన్నీ మామూలుగా ఒక టెక్స్ట్ ఫైల్లో ఉంటాయి, దాన్నే కాన్ఫిగ్ అంటాం. ఆ ఫైల్ ఒక్కరు ఒక్కరోజులో కూర్చుని రాసింది కాదు, నాకు ముందు చేసినవాళ్ళూ వాళ్ళకు ముందు చేసినవాళ్ళూ ఏదో ఒక రాత్రి ఏదో ఒకటి ఆగిపోయినప్పుడు ఒక్కో లైన్ చేర్చుకుంటూ పోయారు, పక్కన హ్యాష్ గుర్తు పెట్టి "ఇది తీస్తే బ్యాకప్ ఆగిపోద్ది, ముట్టుకోవద్దు" అని కామెంట్ కూడా రాసిపెట్టారు. సాఫ్ట్‌వేర్ తయారుచేసేవాళ్ళ దృష్టిలో అది పాత ఫార్మాట్, మాకేమో అదొక్కటే రికార్డు, రాసినవాళ్ళు ఎప్పుడో ఉద్యోగం మారిపోయారు.

వెబ్‌సైట్లు నడిపే అపాచీ సాఫ్ట్‌వేర్‌లో 2012లో 2.4 వచ్చినప్పుడు, ఎవర్ని రానివ్వాలో చెప్పడానికి ఆర్డర్, అలౌ, డినై అని రాసే పద్ధతి పక్కకి పోయి రిక్వైర్ అనేది వచ్చింది. పాత లైన్లు నడవడానికి యాక్సెస్ కంపాట్ అని ఒక మాడ్యూల్ ఇచ్చారు, మంచిదే, కానీ ఒకచోట పాతవి ఒకచోట కొత్తవి కలిపి రాస్తే ఎవరికి తలుపు తెరుచుకుంటుందో ఎవరికి మూసుకుంటుందో అంతుపట్టదు. అప్‌గ్రేడ్ అవ్వగానే సైట్ తెరిస్తే 403, అంటే లోపలికి అనుమతి లేదనే ఎర్రర్, కనబడి కంగారుపడిన వాళ్ళు తక్కువేం కాదు. డెబియన్ అనే లినక్స్‌లో ఇంకో తమాషా, సైట్ ఫైల్ పేరు చివర డాట్ కాన్ఫ్ లేకపోతే 2.4 దాన్ని అసలు చదవనే చదవదు, ఎర్రర్ కూడా ఇవ్వదు, మన సైట్ ఉండాల్సిన చోట డిఫాల్ట్ పేజీ వచ్చి కూర్చుంటుంది. నేను గంటన్నర సేపు రూల్స్ అన్నీ తిరగేసి తిట్టుకుని చివరికి ఫైల్ పేరు మారిస్తే సరిపోయింది!

యూజర్ల వివరాలు డైరెక్టరీ అనే డేటాబేస్‌లో దాచే ఓపెన్ ఎల్‌డ్యాప్ సంగతి వేరు. అక్కడ ఫైల్‌ని పక్కనపెట్టి సెట్టింగ్స్ మొత్తాన్ని డైరెక్టరీ లోపలికే తీసుకెళ్ళారు. రీస్టార్ట్ లేకుండా చాలా మార్పులు అప్పటికప్పుడే అమలవుతాయి, అది నిజంగా ఉపయోగమే, కాదనను. పాత ఫైల్‌ని మార్చిపెట్టే స్లాప్‌టెస్ట్ అనే టూల్ కూడా ఉంది. మారుస్తుంది కూడా, కాకపోతే కామెంట్లు ఒక్కటీ మిగలవు, పైగా తయారైన ఫైల్ మీద "దీన్ని ఎడిట్ చెయ్యొద్దు" అని రాసి ఉంటుంది. సెట్టింగ్ వచ్చింది, అది ఎందుకు పెట్టామో మాత్రం పోయింది.

ఇలాగే చెయ్యాలని రూలేం లేదు. 2015లో మెయిల్ సర్వర్ పోస్ట్‌ఫిక్స్ 3.0 వాళ్ళు చేసింది చూడండి, డిఫాల్ట్‌లు, అంటే మనం ఏం రాయకపోతే అదే వాడుకునే విలువలు, మార్చారు కానీ పాత కాన్ఫిగ్ ఉన్నవాళ్ళకి పాత డిఫాల్టే నడిపిస్తూ, ఎక్కడ దాని మీద ఆధారపడుతున్నారో లాగ్‌లో రాసిపెట్టారు. మనం తీరిగ్గా అవి చూసుకుని, కావాల్సినవి పాత విలువతోనే ఫైల్లో రాసేసుకుని, అప్పుడు కంపాటిబిలిటీ లెవల్ అనే సెట్టింగ్ పెంచి కొత్త డిఫాల్ట్‌లకి మారొచ్చు. ఉబుంటు లినక్స్ వాళ్ళ నెట్‌వర్క్ సెట్టింగ్‌ల టూల్ నెట్‌ప్లాన్‌లో, యామల్ అనే ఫార్మాట్‌లో లెక్కగా పెట్టాల్సిన స్పేస్‌లతో నాకు ఎప్పుడూ గొడవే, అయినా అందులో ట్రై అనే కమాండ్ కనిపెట్టినవాళ్ళకి దణ్ణం పెట్టాలి, 120 సెకన్లలో మనం ఎంటర్ కొట్టకపోతే నెట్‌వర్క్ పోయిందనుకుని పాత సెట్టింగ్‌కి అదే వెనక్కి వెళ్తుంది. దూరంగా ఎక్కడో ఉన్న మెషీన్‌ని మనమే తాళం వేసుకుని బయట నిలబడే పని తప్పుతుంది.

మా తప్పు లేదని అనట్లేదు. వార్నింగ్‌లు లాగ్‌లో ఏళ్ళ తరబడి వస్తున్నా చూడం, ఆ ఆప్షన్ తీసేసిన రోజు లేచి గోల చేస్తాం. టెస్ట్ మెషీన్‌లో ముందు ఒకసారి నడిపి చూడమంటే టైమ్ లేదంటాం. అయినా "తెలియని సెట్టింగ్" అని ఒక్క ముక్క చెప్పి ఆగిపోయే బదులు ఫలానా లైన్లో ఫలానాది ఇప్పుడు ఇలా రాయాలి అని ఎర్రర్‌లోనే చెప్తే తయారుచేసేవాళ్ళకి పోయేదేముంది, పేరు మార్చింది వాళ్ళే కదా. టెక్ పేజీలో ఈసారి రాసేటప్పుడు వాళ్ళని కూడా ఈ ప్రశ్న అడగండి.

నా వరకైతే గత నెలలో మొదలుపెట్టిన మార్పిడి ఒకటి ఇంకా సగంలోనే ఉంది (పేరెందుకులెండి). ఆ "ముట్టుకోవద్దు" అన్న లైన్ కొత్త ఫార్మాట్‌లో దేనికి సమానమో తేలలేదు, అందుకే పాత మెషీన్ ఆపకుండా పక్కనే నడుపుతున్నా.

ఇట్లు,
ఒక సిస్టమ్ అడ్మిన్