మూడు హ్యాండ్‌పంపులు ఎందుకు ఆపేశానంటే

బర్మింగ్‌హామ్‌లో మన పబ్‌కి వచ్చే తెలుగువాళ్లందరికీ నమస్కారం. బార్ మీద మూడు హ్యాండ్‌పంపుల (పీపాలోంచి కాస్క్ బీరుని చేత్తో పైకి తోడే పిడుల) క్లిప్పులూ, అంటే బీరు పేరు రాసిన పలకలు, బీరు లేదన్నట్టు వెనక్కి తిప్పి ఉండటం చూసి, నేను బ్రూవరీకి బాకీ పడ్డానని వాట్సాప్ గ్రూపులో ఎవరో పెట్టారట. బాకీ లేదండీ. సెల్లార్, అంటే కింద పీపాలు ఉంచే గది, దాని కూలర్ చెడిపోయింది, అంతే.

ఆ కూలర్ సర్వీసు కాంట్రాక్టుకి ఏటా ఠంచనుగా డబ్బు కడుతున్నాను. తీరా ఎండలు ముదిరిన వారంలో ఫోన్ చేస్తే "సోమవారం చూద్దాం" అన్నారు. వచ్చినతను కంప్రెసర్ మార్చాలి, పార్టు ఆర్డరు పెడతాను అని వెళ్లాడు. పెట్టనే లేదు! మళ్లీ నేనే ఫోన్ చేస్తే గానీ ఆ సంగతి బయటపడలేదు. పైగా "లాగర్ (బాగా చల్లగా తాగే బీరు) ఉందిగా, అది అమ్ముకోండి" అని సలహా ఒకటి. నా వ్యాపారం నాకు నేర్పుతున్నారు.

నాకు నిద్ర పట్టనిది మాత్రం ఇంకోదానికి. ఒక డీలరు వచ్చి బార్ కింద చిన్న చిల్లర్ బిగిస్తానన్నాడు. కింద పీపా 17 డిగ్రీల్లో ఉన్నా గ్లాసులోకి చల్లగానే దిగుతుందట, ఎవరూ కనిపెట్టలేరట. నిజమే, కనిపెట్టలేరు. ఒక్కో ఫర్కిన్‌లో, అంటే ఒక్కో పీపాలో, 72 పైంట్లు. పారబోయాలంటే చెయ్యి రాలేదు.

కానీ కాస్క్ బీరులో ఈస్ట్ ఇంకా బతికే ఉంటుంది. సెల్లార్ 11 నుంచి 13 డిగ్రీల మధ్య ఉంటేనే అది నెమ్మదిగా పనిచేస్తుంది. వేడెక్కితే గ్యాస్ పోయి బీరు చప్పబడుతుంది, పులుపు ఎక్కుతుంది. పులిసిపోయిన దోసె పిండిని ఫ్రిజ్‌లో పెడితే పులుపు దిగుతుందా? పైపులో చల్లబరచడమూ అంతే. పారబోశాను.

ఇక "అన్నా, మీ బీరు వేడిగా ఉంటుంది, 5 డిగ్రీలకి దించు" అనే తమ్ముళ్లకి. 12 డిగ్రీలంటే వేడి కాదు నాయనా, మన ఇళ్లలో మంచినీళ్ల కుండ కూడా అంత చల్లగా ఉండదు. మరీ చల్లబరిస్తే బీరు మసకబారుతుంది, మాల్టు, హాప్స్ వాసన నాలుకకి అందదు. కాస్క్ మార్క్ వాళ్లు, అంటే పబ్బుల్లో కాస్క్ బీరు నాణ్యత తనిఖీ చేసేవాళ్లు, చెప్పాపెట్టకుండా వచ్చి గ్లాసులో థర్మామీటర్ ముంచి చూసేది కూడా ఇందుకే. 5 డిగ్రీలే కావాలంటే లాగర్ పైపులకి వేరే కూలర్ ఉంది, అది బాగానే నడుస్తోంది. కాస్క్ మాత్రం 12లోనే. ఇందులో బేరాల్లేవు.

కంప్రెసర్ వేరే మెకానిక్‌తో వేయిస్తున్నాను. సెల్లార్ చల్లబడ్డాకే కొత్త పీపాలు దించుతాను, అవి తేరుకోవడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది. శనివారం పార్టీకి కాస్క్ కోసం అడ్వాన్సు ఇచ్చినవాళ్లు బార్ దగ్గర అడిగి డబ్బు వెనక్కి తీసుకోండి. బాకీ మాట రాసినాయన కూడా రావచ్చు, ఆయన పాత బిల్లు ఒకటి నా దగ్గరే ఉంది.