మార్చి షీటు మీద మచ్చలు, ఇంకొన్ని సంగతులు

మన దగ్గర 2026 పెద్ద క్యాలెండర్ తీసుకున్నవాళ్లంతా ఒక్కసారి జనవరి, ఫిబ్రవరి షీట్లు పైకెత్తి మార్చి చూడండి. తెల్ల కాగితం మీద మసి వేళ్లతో ముట్టుకున్నట్టు బూడిద రంగు మచ్చలుంటే మీ పిల్లలను తిట్టకండి, తప్పు నాదే. సంక్రాంతి తర్వాత షాపు తెరవగానే వనపర్తి నుంచి ఒక సార్ ఫొటో పంపారు. మిగిలిన కాపీలు విప్పి చూస్తే సగానికి పైగా అదే గతి.

ఏమైందంటే, మన క్యాలెండర్‌లో ఒక నెల తెలుపు మీద నల్ల అంకెలు, తర్వాతి నెల నలుపు మీద తెల్ల అంకెలు. పెళ్లి పత్రికలో నాలుగు లైన్ల నలుపు వేరు, షీటంతా నలుపు వేరు. ఒట్టి నల్ల ఇంకు మాత్రమే వేస్తే పాత గొడుగు గుడ్డలా వెలిసినట్టు కనిపిస్తుందని కింద కొంచెం నీలం వేసి పైన నలుపు వేయిస్తాం, దాంతో ఇంకు మందమై ఆరడానికి టైం పడుతుంది. ఫిబ్రవరి అన్నిటికన్నా చివర అచ్చయింది. హైదరాబాద్‌లో ప్రెస్సాయన ఒకటిన్నర రోజు ఆరనివ్వమన్నాడు, నేనే కొత్త సంవత్సరం దాటిపోతుందన్న టెన్షన్‌లో ఆ రాత్రికే దొంతర పెట్టించి, పైన టిన్ను పట్టీ కొట్టించి, డీసీఎంలో మహబూబ్‌నగర్‌కు తెచ్చేసుకున్నాను. దొంతరలో ఒక ఫిబ్రవరి షీటు మీది ఆరని నలుపు దాని పైనున్న ఫిబ్రవరి షీటు వెనక్కి అంటింది, క్యాలెండర్‌గా కూర్చాక ఆ వెనక వైపు పోయి మార్చి ముఖం మీద రాసుకుంది.

ఇంత తంటా ఎందుకు, హాయిగా వెంకటేశ్వరస్వామి బొమ్మ వేసుకోక అని మా అమ్మతో సహా చాలామంది అన్నారు. ఈ పద్ధతి నేను కనిపెట్టింది కాదు. మాసిమో విన్యెల్లి అనే ఇటలీ డిజైనర్ 1966లో స్టెండిగ్ అనే ఫర్నిచర్ కంపెనీ కోసం గీసిన క్యాలెండర్ ఇది, నాలుగడుగుల వెడల్పు, మూడడుగుల ఎత్తు. న్యూయార్క్ మోడర్న్ ఆర్ట్ మ్యూజియం దాన్ని తన సేకరణలో పెట్టుకుంది. బొమ్మ లేదు, పువ్వు లేదు, ఒకదానికొకటి ఆనుకున్న అంకెలే అలంకారం. నేను ఆ దారి పట్టుకున్నానే కానీ అచ్చు దించలేదు. మనది 30 అంగుళాలకు 20, వారాల పేర్లు తెలుగులో. ఆ పేర్లే నా ప్రాణం తీశాయి. ఇంగ్లిష్ అక్షరాలను ఎంత దగ్గరికి నెట్టినా ఊరుకుంటాయి, మన 'శుక్ర' కింద క్రావడి దిగి నేరుగా కింది తేదీ నెత్తి మీద కూర్చుంటుంది. ఆ ఒక్క పదం కోసం వారాల వరస మొత్తం పైకి జరపాల్సి వచ్చింది.

ఫిబ్రవరి మాత్రం చూసుకుని మురిసిపోయాను. ఈ ఏడాది 1వ తేదీ ఆదివారం, 28 శనివారం, సరిగ్గా నాలుగు వరసలు, ఒక్క గడి ఖాళీ లేదు. అదే నెల మచ్చలు పెట్టింది, చూడండి నా అదృష్టం. మే నెలలో 31 పై వరసలో ఆదివారం దగ్గర ఎందుకుంది, తప్పు పడిందా అని ఫోన్లు వస్తున్నాయి. తప్పు కాదు, ఆరో వరస వేస్తే అంకెలు చిన్నవవుతాయని మన పాత క్యాలెండర్లలో చేసినట్టే పైకెక్కించాం. ఆగస్టులో 30, 31 కూడా అంతే.

తిథి, వర్జ్యం, దుర్ముహూర్తం వేయమని అడిగేవాళ్లకు, వేయను. పోయినేడు ఒక నమూనాలో వేసి చూశాను, గోడ మీద రేషన్ షాపు బోర్డులా తయారైంది. కిరాణా షాపతను ఇచ్చిన దేవుడి క్యాలెండర్ వంటింట్లో ఉండనే ఉంటుంది కదా, పాల లెక్క, గ్యాస్ తేదీ, చిట్టీ తేదీ దాని మీదే రాసుకోండి. కొత్త సంవత్సరం పూట ఇంట్లోకి నలుపేంటి అన్న పట్టింపు ఉన్నవాళ్లను నేను ఒప్పించలేను, వాళ్లు కొనకపోయినా ఏమీ అనుకోను.

తగిలించేటప్పుడు మాత్రం దాని చుట్టూ గోడ వదలండి. జడ్చర్లలో ఒక అక్కవాళ్ల హాల్లో షీల్డులు, పెళ్లి ఫొటో, గోడ గడియారం మధ్య ఇరికించారు, పాపం ఊపిరాడనట్టుంది. దాన్ని దివాన్ పైన ఖాళీ గోడకు మార్చి, కూర్చున్నవాళ్ల తలకు జానెడు పైన మొల కొట్టి తగిలిస్తే అదే హాలు పెద్దదైనట్టు అనిపించింది. పోపు పొగ తగిలేచోట వద్దు, నలుపు మీద నూనె జిడ్డు వెంటనే తెలుస్తుంది. చింపిన షీట్లు పారేయకండి, జూన్‌లో బడి పుస్తకాలకు అట్టలు వేస్తే పెద్ద అంకె ఒక్కటే అట్ట మీదికి వచ్చి భలే ఉంటుంది, మా పిల్లలు దాని కోసం కొట్టుకుంటారు.

మార్చి షీట్లు మళ్లీ వేయించాను, ఈసారి రెండు రోజులు ఆరబెట్టి నా అరచేత్తో రుద్ది చూశాకే తెచ్చాను. టౌన్‌లో ఉన్నవాళ్లు క్యాలెండర్ మోసుకుని రావద్దు, మచ్చ ఫొటో చూపిస్తే చాలు. బయట ఊళ్లవాళ్లకు ఆర్టీసీ కార్గోలో పంపుతాను, చార్జీ నాదే. కొత్త షీటును పాతదాని మీద అంచుకు గమ్ము రాసి అంటించుకోవాలి, టిన్ను పట్టీ విప్పితే మళ్లీ పట్టదు. డబ్బులు వెనక్కి కావాలంటే 350 ఇచ్చేస్తాను, మొహమాటపడకండి. ఆదివారం మాత్రం షాపు మధ్యాహ్నం దాకే.