పిల్లల బ్లడ్ క్యాన్సర్: తల్లిని నిలదీయడం న్యాయమా?

సంపాదకులు గారికి,

అయ్యా,

కీమోతో జుట్టు రాలిపోయిన బిడ్డను ఒళ్లో పెట్టుకుని కూర్చున్న తల్లిని, పరామర్శకు వచ్చిన దగ్గరి చుట్టమే "గ్రహణం పూట బయటికొచ్చింటావు లేమ్మా" అనడం మా వీధిలో విన్నాను. ఇలాంటి మాటలకు విజ్ఞానశాస్త్రంలో ఏ ఆధారమూ లేదని పత్రికలే గట్టిగా చెప్పాలి.

లుకేమియా (రక్తకణాల క్యాన్సర్) గానీ లింఫోమా (లింఫు గ్రంథుల క్యాన్సర్) గానీ వచ్చిన పిల్లల్లో అత్యధికుల విషయంలో ఫలానాదే కారణమని వైద్యులు చూపలేరు. రక్తకణాల డీఎన్‌ఏలో దొర్లే మార్పులు దీనికి మూలం. వాటిలో కొన్ని బిడ్డ పుట్టకముందే మొదలవుతాయి. ముప్పు పెంచుతాయని రుజువైనవి కొన్నే ఉన్నాయి: డౌన్ సిండ్రోమ్, ఫాంకోనీ అనీమియా వంటి పుట్టుకతో వచ్చే సమస్యలు, మరో క్యాన్సర్‌కు గతంలో తీసుకున్న కొన్ని మందులు, అధిక మోతాదు రేడియేషన్, లింఫోమాల విషయంలో హెచ్‌ఐవీ, ఎప్‌స్టీన్-బార్ వైరస్. ఈ చివరి వైరస్ ఎప్పుడో ఒకప్పుడు దాదాపు అందరికీ సోకేదే. క్యాన్సర్ దాకా వెళ్లేది ఏ కొద్దిమందికో. గర్భిణులకు తీసే ఎక్స్‌రేలు పుట్టే బిడ్డకు క్యాన్సర్ ముప్పు పెంచవచ్చని 1950లలోనే ఇంగ్లండ్‌లో వైద్యురాలు ఆలిస్ స్టీవర్ట్ హెచ్చరించారు. ఇప్పుడు చేసే అల్ట్రాసౌండ్ స్కానింగ్‌లో వాడేది ధ్వని తరంగాలు కనుక ఆ భయం దానికి వర్తించదు.

మన కడప జిల్లాలో తుమ్మలపల్లె యురేనియం గని వల్ల నీరు పాడై పిల్లలకు క్యాన్సర్ వస్తోందేమోనన్న పరిసర గ్రామాల ఆందోళన మాత్రం వేరు. దాన్ని మూఢనమ్మకాల గాటన కట్టకూడదు, అలాగని రుజువైపోయిన నిజంలా ప్రచారం చేయనూ కూడదు. పిల్లల క్యాన్సర్లు అరుదు కాబట్టి, ఒక ఊళ్లో రెండు కేసులు కనిపిస్తే అది కాకతాళీయమో కాదో తేల్చడానికి మండలాల వారీగా ఏళ్ల తరబడి సేకరించిన లెక్కలు, క్రమం తప్పని నీటి పరీక్షలు అవసరం. ఆ రెండింటినీ అధికారులు ప్రజల ముందు ఉంచాలి.

కారణం తెలియకపోయినా జబ్బును తొందరగా పట్టుకోవచ్చు. వారాల తరబడి తగ్గని జ్వరం, పాలిపోయిన ముఖం, దెబ్బ తగలకుండానే కమిలిన మచ్చలు, ఎముకల నొప్పితో కుంటడం, మెడలో నొప్పి లేకుండా పెరిగే గడ్డలు కనిపిస్తే ఐరన్ టానిక్‌తో సరిపెట్టకుండా రక్తపరీక్ష చేయించాలి. గడ్డను పరీక్షించకుండానే టీబీ మందులు మొదలుపెట్టడం, నిర్ధారణ కాకముందే స్టెరాయిడ్లు ఇవ్వడం అసలు జబ్బును మరుగుపరుస్తాయి.

బడులకు, అంగన్‌వాడీలకు వచ్చే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాలు డౌన్ సిండ్రోమ్ పిల్లలను ఎటూ గుర్తిస్తున్నాయి. వారి తల్లిదండ్రులకు ఈ లక్షణాలను తెలుగులో అచ్చువేసిన కాగితం ఇచ్చేలా జిల్లా వైద్యారోగ్య శాఖ అధికారులు ఆదేశాలు జారీ చేయాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు,
ప్రొద్దుటూరు, కడప జిల్లా