మెడ గుంజుతోందా? పిల్లల బ్యాగు నుంచి పెద్దల పని దాకా

ప్రియమైన తల్లిదండ్రులకు నమస్కారం.

"మా పిల్లకు మెడ గుంజుతోంది, ఆటల పీరియడ్‌కు పంపకండి" అని క్లాస్ టీచర్లకు చీటీలు వస్తున్నాయి. మీ ఆదుర్దా అర్థమవుతుంది. కానీ మామూలు మెడ నొప్పికి కదలకుండా కూర్చోబెట్టడం మందు కాదు. చాలాసార్లు ఆ నొప్పి మొదలయ్యేదే కదలకపోవడం వల్ల. దెబ్బ తగిలి ఉంటే తప్ప పిల్లల్ని ఆటలకు పంపండి.

మెడలో ఏడు పూసలుంటాయి. రెండో పూస నుంచి కిందికి, ప్రతి రెండు పూసల నడుమ మెత్తటి డిస్కు ఉంటుంది. పక్క సందుల్లోంచి నరాలు బయటికొచ్చి భుజాలు, చేతుల దాకా పోతాయి. పెద్దవాళ్ల తల 4.5 నుంచి 5 కిలోలు తూగుతుంది. నిటారుగా ఉన్నంతసేపు ఆ బరువును పూసలే మోస్తాయి. తల ముందుకు వంగితే వెనక కండరాలు దాన్ని పడిపోకుండా గుంజి పట్టుకోవాలి. 60 డిగ్రీలు వంచినప్పుడు మెడ మీద పడే భారం దాదాపు 27 కిలోలని 2014లో ఒక వెన్నెముక సర్జన్ లెక్కగట్టారు. సగం సిమెంటు బస్తా కంటే ఎక్కువే. ఫోన్ ఒళ్లో పెట్టుకుని గంటసేపు చూస్తే జరిగేది ఇదే. వంగడం తప్పు కాదు, వంగి అలాగే ఉండిపోవడమే తప్పు.

మన ఇళ్లలో ఇది ఫోన్‌తోనే అయిపోదు. కొత్తవాడలో మగ్గం ముందు కూర్చునేవారు, ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుట్టే అమ్మలు, కుట్టుమిషన్ మీద వంగేవారు రోజంతా తల దించే పని చేస్తారు. బీడీలు చుట్టేటప్పుడు వీపు గోడకు ఆనించి, తొడల మీద ఒక మెత్త వేసి దానిపై చాట పెట్టుకోండి. చూపు అంత కిందికి దిగదు. ఏ పనైనా అరగంటకోసారి లేచి నాలుగడుగులు వేయాలి. ఎనుమాముల మార్కెట్లో బస్తాలు మోసే అన్నలు బరువు నేరుగా మెడ మీద పడకుండా వీపు పైభాగాన పడేట్టు చూసుకోవాలి.

పిల్లల బ్యాగు వాళ్ల బరువులో పదో వంతు దాటకూడదు. 30 కిలోల పిల్లకు 3 కిలోలు. లీటరు నీళ్లే ఒక కిలో, కాబట్టి ఖాళీ సీసా పంపండి, బడిలో నింపుకుంటారు. పట్టీలు వదులుగా ఉంటే బ్యాగు పిరుదుల దాకా వేలాడుతుంది, దాన్ని ఆపడానికి తల ముందుకు పొడుచుకొస్తుంది. బ్యాగు అడుగు నడుము దాటొద్దు, బరువు పుస్తకాలు వీపుకు ఆనుకుని ఉండాలి, రెండు పట్టీలూ వేసుకోవాలి. నేల మీద హోంవర్క్ చేసేవాళ్లకు పుస్తకం కింద పీట పెట్టండి.

ఇక వ్యాయామాలు. పొద్దున, సాయంత్రం ఇంటిల్లిపాదీ కలిసి చేయొచ్చు. అన్నిటికంటే ముఖ్యమైనది గదవను వెనక్కి తీసుకోవడం. కుర్చీలో నిటారుగా కూర్చుని, చూపు ఎదురుగా నిలిపి, గదవను నేరుగా వెనక్కి జరపండి. 5 సెకన్లు ఆపి వదలండి, 10 సార్లు. చాలామంది గదవను ఛాతీ వైపు వంచేస్తారు, దాంతో ఫలితం పోతుంది. గోడకు వీపు ఆనించి చేస్తే తేడా తెలుస్తుంది: తల వెనక భాగం గోడ వైపు జరగాలి.

తర్వాత వీపు మీది రెక్కలను ఒకదానికొకటి దగ్గరకు లాగి 5 సెకన్లు ఉంచాలి, ఇదీ 10 సార్లు. భుజాలు చెవుల వైపు లేవనీయొద్దు. మూడోది, అరచేయి నుదుటికి ఆనించి తలతో చేతిని, చేత్తో తలను నెట్టడం. తల కదలకూడదు. మీ బలంలో పావు వంతు చాలు. 5 సెకన్ల చొప్పున 5 సార్లు, అలాగే తల వెనక, రెండు పక్కలా. ఊపిరి మాత్రం బిగబట్టొద్దు, బీపీ ఉన్నవారు మరీ జాగ్రత్త. చివరగా కుడి చేత్తో కుర్చీ అంచు పట్టుకుని తలను ఎడమ భుజం వైపు మెల్లగా వాల్చి 20 సెకన్లు ఆగండి, మూడుసార్లు. తర్వాత రెండో వైపు. చేత్తో తలను గుంజొద్దు.

కండరం కొద్దిగా సాగినట్టు అనిపించడం మామూలే. నొప్పి జబ్బలోకి పాకినా, కళ్లు తిరిగినా ఆపేయండి. మెడ పట్టేసినప్పుడు 15 నిమిషాల వేడి కాపడం హాయినిస్తుంది. మెడ కదలకుండా చుట్టూ కట్టే కాలర్ వారాల తరబడి వేసుకుంటే కండరాల బలం తగ్గుతుంది. మందుల షాపులో అడిగి రోజూ నొప్పి మాత్రలు మింగితే కడుపు, కిడ్నీలు దెబ్బతింటాయి. కటింగ్ షాపులో మెడ టక్కున విరిపించుకోవడం ఇవాళే మానేయండి. మెడలోంచి మెదడుకు పోయే రక్తనాళం చిరిగి పక్షవాతం రావచ్చు.

ఎక్స్‌రేలో "స్పాండిలోసిస్" అని రాసి ఉంటే భయపడొద్దు. నలభై దాటాక డిస్కులు ఎండి పూసలు అరగడం ఏ నొప్పీ లేనివాళ్లలో కూడా కనిపిస్తుంది. చూడాల్సింది మనిషిని. చేతి బొటనవేలు తిమ్మిరెక్కితే సాధారణంగా మెడలోంచి వచ్చే నరాల్లో ఆరోది, నడిమి వేలైతే ఏడోది, చిటికెన వేలైతే ఎనిమిదోది నొక్కుకుపోయి ఉండొచ్చు. ఇలాంటి తిమ్మిరి తగ్గకుంటే ఎముకల డాక్టరుకు చూపించండి.

చొక్కా గుండీలు పెట్టుకోలేకపోవడం, చేతిలోంచి వస్తువులు జారడం, నడకలో తూలడం, మూత్రం మీద అదుపు తప్పడం వెన్నుపాము నొక్కుకుపోతోందనడానికి గుర్తులు. ఆ రోజే వరంగల్ ఎంజీఎం లాంటి పెద్దాసుపత్రికి వెళ్లాలి. బండి మీంచి పడ్డాక మెడ నొప్పి వస్తే మెడ కదపకుండా తీసుకెళ్లాలి, 108కి ఫోన్ చేయండి. పిల్లలకు జ్వరంతో పాటు మెడ బిగుసుకుపోయి గదవ ఛాతీకి ఆనకపోతే మెదడు పొరల వాపు కావచ్చు, తెల్లారేదాకా ఆగొద్దు. మెడ నొప్పితో పాటు రోజూ సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం ఉంటే టీబీ పరీక్ష కూడా చేయించండి.

వచ్చే తల్లిదండ్రుల సమావేశం రోజు వరండాలో తూకం మిషన్ పెడతాం. పిల్లల్నీ, బ్యాగునూ విడివిడిగా తూచి, ఏ పుస్తకం ఏ రోజు ఇంట్లో ఉంచొచ్చో టీచర్లు టైంటేబుల్ చూసి చెబుతారు. బ్యాగును సర్దకుండా, మామూలుగా తెచ్చినట్టే తీసుకురండి.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయిని,
హన్మకొండ